ముందు వంటగది, ఆ తరువాతే కనుమ: ఫ్రాన్స్ కొండల్లో సైకిల్ యాత్రికులకు బస నడపాలనుకునేవారికి

ఆల్ప్స్ కనుమలను సైకిల్ మీద ఎక్కినవారిలో చాలామందికి దిగేటప్పుడే ఒక కోరిక పుడుతుంది. ఇక్కడే ఒక పాత రాతి ఇల్లు కొనుక్కొని, నాలుగైదు గదులు సర్ది, తమలాగే కొండలంటే ప్రాణం పెట్టేవారికి బస ఏర్పాటు చేసి బతకాలని. పారిస్‌లోనో, మ్యూనిక్‌లోనో, లండన్‌లోనో ఉద్యోగం చేస్తున్న తెలుగువారు కూడా ఈ సంగతి నన్ను అడుగుతున్నారు. అందరి మొదటి ప్రశ్న ఒకటే: ఏ కొండ దగ్గర? ఆల్ప్ ద్యుయెజ్ పక్కనా, మోన్ వాంతూ కిందా, తూర్మలే లోయలోనా?

నేను ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల మధ్య ఉన్న గ్రెనోబుల్ నగరంలో ఉంటాను. అక్కడికి దగ్గరలోని వాజాన్ లోయలో ఒక జంట నడిపే అయిదు గదుల బసలో రెండు వేసవులు పని చేశాను. గదులు సర్దాను, దుప్పట్లు ఉతికాను, కూరగాయలు తరిగాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: కొండ రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, రాత్రి భోజనం మీరు వండి పెడతారా, లేదా అన్నది. దానికి నిజాయతీగా జవాబు చెప్పుకుంటే ఏ తరహా బస పెట్టాలో, ఎలాంటి ఇల్లు వెతకాలో, ఏ అనుమతులు కావాలో, చివరికి ఏ లోయ మీకు సరిపోతుందో కూడా చాలావరకు తేలిపోతుంది.

రోజంతా మూడు వేల మీటర్ల ఎత్తు ఎక్కి దిగిన మనిషి సాయంత్రం బసకు చేరేసరికి ఒంటి మీద చెమట ఆరి ఉప్పు చారలు కట్టి ఉంటుంది. ఆ మనిషికి కావలసినవి నాలుగు: సైకిల్ పెట్టుకోవడానికి తాళం ఉన్న గది, వేడినీళ్లు, బట్టలు ఉతికే యంత్రం, కడుపునిండా తిండి. మొదటి మూడూ ఒకసారి డబ్బు పెడితే అమరిపోతాయి. నాలుగోది ప్రతిరోజూ చేతులతో చేయవలసిందే. కొండ ఊళ్లలో రెస్టారెంట్లు చాలావరకు ఏడింటికో ఏడున్నరకో గాని తెరవవు, వారంలో ఒకటి రెండు రోజులు సెలవు, సీజన్ మొదట్లోనూ చివర్లోనూ కొన్ని అసలు మూసే ఉంటాయి. బస ఊరికి ఆరు కిలోమీటర్ల పైన ఉంటే, తిండి కోసం కిందికి దిగి చీకట్లో మళ్లీ ఎక్కి రమ్మని అలసిన మనిషికి ఎలా చెబుతాం? అందుకే భోజనం పెట్టే ఇంట్లో యాత్రికులు అయిదారు రాత్రులు ఉంటారు. పెట్టని ఇంట్లో రెండు రాత్రులుండి కదిలిపోతారు. రెండు రాత్రులకోసారి గది ఖాళీ అవడమంటే దుప్పట్ల పని, శుభ్రం చేసే పని, కొత్తవారికి దారులు చెప్పే పని మూడింతలవుతుంది.

ఈ విషయంలో తెలుగు ఇంటికి ఒక నిజమైన బలం ఉంది. ఆల్ప్స్ వంటలో జున్ను, పంది మాంసం, బంగాళదుంప రాజ్యమేలుతాయి. శాకాహారికి ఆమ్లెట్టో సలాడో దొరుకుతుంది, పాలు కూడా ముట్టనివారికి అదీ కష్టమే. అన్నం, పప్పు, రెండు కూరలు, పెరుగు ఉన్న బల్ల ఆ లోయల్లో చాలా అరుదు, పైగా సైకిల్ తొక్కినవారి ఒంటికి సరిగ్గా పనికివచ్చే తిండి అదే. ఒకసారి నేను చేసిన నిమ్మకాయ పులిహోరను డచ్ యాత్రికులు మరునాడు దారిలో తినడానికి కట్టి ఇమ్మన్నారు. సైక్లింగ్ జట్లు పందేల్లో అన్నపు ముద్దలు కట్టుకొని తింటాయి కాబట్టి వారికది వింతగా అనిపించలేదు. గ్రెనోబుల్ అక్రోటుకాయలకు 1938 నుంచే ప్రాంతీయ గుర్తింపు ఉంది. వాటితో చేసిన పచ్చడి మా బల్ల మీద ఎప్పుడూ మిగల్లేదు.

మూడు తరహాల బసలు

మొదటిది షాంబ్ర్ దోత్, అంటే మీరు నివసించే ఇంట్లోనే అతిథులకు గదులు ఇవ్వడం. చట్టం ప్రకారం గరిష్ఠంగా 5 గదులు, 15 మంది. ఉదయపు ఫలహారం, పక్కదుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలోనే కలిసి ఉండాలి. గదులూ స్నానాల గదులూ రోజూ శుభ్రం చేయడం యజమాని బాధ్యత, దానికి వేరే రుసుము తీసుకోకూడదు. మొదలుపెట్టే ముందు ఊరి మున్సిపల్ కార్యాలయంలో, అక్కడి మాటలో మేరీలో, ప్రకటన దాఖలు చేయాలి. రాత్రి భోజనానికి తాబ్ల్ దోత్ అనే పద్ధతి ఉంది. బస చేసినవారికే పెట్టాలి, అందరికీ ఒకటే వంట, కుటుంబం తినే బల్ల దగ్గరే వడ్డించాలి, స్థానిక సరుకులతో వండాలి. దారిన పోయేవారిని పిలిచి డబ్బు తీసుకొని పెడితే అది రెస్టారెంటు కిందికి వస్తుంది. భోజనంతో ద్రాక్షసారా పోయాలంటే ఒక రోజు శిక్షణ, దానికి తగిన లైసెన్సు కావాలి.

ఈ 5 గదుల హద్దును చాలామంది అడ్డంకి అనుకుంటారు. నాకు మాత్రం అది కాపలా గోడలా కనిపిస్తుంది. ఆ గీత దాటనంత కాలం మీ ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. దాటితే ప్రజలు వచ్చిపోయే భవనాల నిబంధనలు మీద పడతాయి: అగ్నిమాపక వ్యవస్థ, అత్యవసర ద్వారాలు, నడవలేనివారికి అనువైన గది, తనిఖీ బృందాలు.

రెండోది జీత్. ఇంటినో, ఇంట్లో వేరుగా ఉన్న వాటానో వారాల లెక్కన మొత్తంగా అద్దెకు ఇవ్వడం. వచ్చినవారే వండుకుంటారు. వేసవిలో శనివారం నుంచి శనివారం దాకా ఇవ్వడం ఆనవాయితీ కాబట్టి కష్టమంతా ఒక్క రోజున పడుతుంది, మిగతా ఆరు రోజులు మీ ఉద్యోగం మీరు చేసుకోవచ్చు. ఆరేడుగురు మిత్రులు కలిసి వచ్చే జట్లకు ఇదే ఇష్టం. ఒంటరిగా వచ్చేవారికి, నలభై అయిదు దాటిన జంటలకు ఇది సరిపోదు. వారికి కావలసింది సాయంత్రం బల్ల దగ్గర రేపటి దారి గురించి మాట్లాడే మనిషి.

పన్ను లెక్కలో ఒక సంగతి ముందే తెలుసుకోండి. 2025 నుంచి, నక్షత్రాల వర్గీకరణ లేని జీత్‌కు సరళ పన్ను పద్ధతిలో ఆదాయంలో 30 శాతమే మినహాయింపు, అదీ ఏడాదికి 15,000 యూరోల రాబడి వరకే. వర్గీకరణ ఉన్న జీత్‌కూ, షాంబ్ర్ దోత్‌కూ 50 శాతం మినహాయింపు, 2025లో దాని హద్దు 77,700 యూరోలు. అంతకు ముందు ఈ మినహాయింపులు చాలా ఉదారంగా ఉండేవి. ఇల్లు అమ్మేవారు పాత లెక్కలతో లాభం చూపిస్తే వాటిని పక్కన పెట్టి కొత్తగా లెక్క వేసుకోండి. జీత్ పెట్టేవారు మొదటి అతిథి రాకముందే వర్గీకరణ తెచ్చుకోవాలి.

మూడోది చిన్న హోటల్. కొండ ఊళ్లలో పది పన్నెండు గదుల పాత హోటళ్లు అమ్మకానికి కనిపిస్తుంటాయి, ధర చూస్తే ఆశ పుడుతుంది. మెట్లకు నిప్పు ఆపే తలుపులు, విద్యుత్ తీగల మార్పు, పైకప్పు, పాత బాయిలర్ లెక్కలోకి తీసుకుంటే ఆ ధర అంత తక్కువ ఎందుకుందో అర్థమవుతుంది. పనివారిని పెట్టుకోక తప్పదు, ఫ్రాన్స్‌లో జీతం మీద యజమాని కట్టే సామాజిక భద్రతా వాటా బరువైనది. ఇదివరకు హోటల్ నడిపిన అనుభవం లేనివారు దీని జోలికి పోవద్దు. ఈ మాటలో నాకు ఎలాంటి సందేహమూ లేదు.

నా ఓటు మాత్రం ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ పూర్తిగా కాదు. మూడు గదుల షాంబ్ర్ దోత్, దానికి ఆనుకొని వేరే ద్వారం ఉన్న చిన్న జీత్ ఒకటి. గదుల్లో ఉన్న ఆరుగురికి వంట చేయడం ఇద్దరు మనుషులకు సాధ్యమైన పని. పదిమంది అయితే రోజు మొత్తం వంటగదిలోనే గడిచిపోతుంది, పొద్దున కనుమ ఎక్కాలన్న మీ సొంత కోరిక మొదటి వేసవిలోనే ఆవిరవుతుంది. జీత్ భాగం చలికాలంలో స్కీయింగ్‌కు వచ్చే కుటుంబాలకు పనికివస్తుంది, మీకు ఒంట్లో బాగా లేని వారంలో కూడా రాబడి ఆగదు.

కాగితం మీద లెక్క

ఊహించిన అంకెలతోనే ఒక లెక్క వేద్దాం. 5 గదులు, 130 రోజుల సీజన్, సగటున నూటికి 60 గదులు నిండుతాయనుకుంటే 390 గది-రాత్రులు. గది 100 యూరోలైతే 39,000. గదికి ఇద్దరు, వారిలో సగం మంది 30 యూరోల భోజనం చేస్తే ఇంకో 11,700. మొత్తం 50,700. ఇందులోంచి తిండి సరుకులు, విద్యుత్తు, బీమా, బుకింగ్ వేదికల కమీషన్, సామాజిక భద్రత, పన్ను, ఇంటి అప్పు పోవాలి. అప్పు పెద్దదైతే ఇద్దరికి మిగిలేది ఒక మామూలు జీతం కూడా కాదు.

అదే గదులు, అదే ధర, సీజన్ మాత్రం 200 రోజులనుకోండి. 600 గది-రాత్రులు, గదుల మీదే 60,000. కొండ పేరు కన్నా సీజన్ పొడవు మీ జీవితాన్ని ఎంత మారుస్తుందో ఈ రెండు అంకెల మధ్య తేడాలో ఉంది. లోయలను ఇప్పుడు ఆ కళ్లతో చూద్దాం.

వాజాన్: పేరున్న లోయ, పొట్టి వేసవి

బూర్ ద్వాజాన్ అనే చిన్న పట్టణం సుమారు 720 మీటర్ల ఎత్తులో ఉంది. ఊరు దాటగానే ఆల్ప్ ద్యుయెజ్ ఘాట్ రోడ్డు మొదలవుతుంది: 21 మలుపులు, దాదాపు 14 కిలోమీటర్లు, సగటు వాలు 8 శాతానికి కాస్త పైన. 1952లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో ఒక రోజు పరుగు మొదటిసారి ఇక్కడ ముగిసినప్పుడు ఫౌస్టో కొప్పి గెలిచాడు. ప్రతి మలుపు దగ్గరా గెలిచినవారి పేరుతో పలక ఉంటుంది. డచ్ దేశస్థులకు ఇది దాదాపు తీర్థయాత్ర, ఏడో మలుపు వారిదే. అదే పట్టణం నుంచి క్రువా ద ఫేర్ కనుమకు (2,067 మీటర్లు), గ్లాండోన్‌కు, లోతరే మీదుగా గాలిబియేకు (2,642 మీటర్లు) వెళ్లవచ్చు. వేసవిలో జరిగే లా మార్మోత్ అనే సామూహిక యాత్ర రోజున ఉదయం నాలుగింటికే ఫలహారం పెట్టాలి. ఆ వారం గదులు ఏడాది ముందే నిండుతాయి.

గిరాకీ గురించి దిగులు లేని చోటు ఇది. దిగులు వేరే రెండింటి గురించి. పెద్ద కనుమలు మామూలుగా మే చివరికో జూన్‌కో గాని తెరవరు, అక్టోబర్‌లో మళ్లీ మంచు మొదలవుతుంది. చుట్టూ బసలు, క్యాంపులు చాలా ఉన్నాయి కాబట్టి సైకిల్ గది, ఉతుకు యంత్రం ఉండటం ఇక్కడ ప్రత్యేకత కాదు, కనీస అర్హత. భోజనం, మాట, దారుల గురించిన పరిజ్ఞానం ఇవే మిమ్మల్ని వేరుగా నిలబెట్టాలి. ఉదాహరణకు ఆల్ప్ ద్యుయెజ్ ఎక్కి అదే దారిన దిగవలసిన పనిలేదనీ, వెనుక సారెన్ కనుమ మీదుగా ప్రశాంతమైన దారి ఉందనీ, వేసవిలో కొన్ని ఉదయాలు కొన్ని కనుమలను మోటారు వాహనాలకు మూసి సైకిళ్లకే వదులుతారనీ చెప్పగలగాలి.

చలికాలం ఇక్కడ ఖాళీగా పోదు, చుట్టూ స్కీ కేంద్రాలే. అది ఆదాయమే, అలుపు కూడా. నేను పని చేసిన ఇంట్లో ఏప్రిల్, నవంబర్ నెలలే ఆ జంటకు ఊపిరి పీల్చుకునే కాలం.

రోడ్డు ఒక్కటే అయిన లోయలో రోడ్డు పోతే వ్యాపారం పోతుంది. 2015 ఏప్రిల్‌లో షాంబోన్ సరస్సు పక్కన కొండ కదిలి సొరంగం మూతపడింది. బూర్ ద్వాజాన్ నుంచి గాలిబియే వైపు దారి తెగిపోయింది. ఆ జూలైలో టూర్ ద ఫ్రాన్స్ కూడా తన దారి మార్చుకోవలసి వచ్చింది. 2024 జూన్‌లో వచ్చిన వరద ఇదే ప్రాంతంలో వెనెయోన్ లోయ పైకొసన ఉన్న లా బెరార్ద్ అనే పల్లెను రాళ్ల కింద కప్పేసింది.

మోరియెన్: అందం తక్కువ, కనుమలు ఎక్కువ

గాలిబియేకు అవతలి వైపు మోరియెన్ లోయ. ఇది తనను తాను ప్రపంచంలోకెల్లా పెద్ద సైక్లింగ్ ప్రాంతంగా చెప్పుకుంటుంది, పటం చూస్తే ఆ మాట అతిశయోక్తిగా అనిపించదు. సేన్ జాన్ ద మోరియెన్ పట్టణం చుట్టూ క్రువా ద ఫేర్, గ్లాండోన్, దాదాపు 2,000 మీటర్ల మాదలేన్, తెలెగ్రాఫ్ మీదుగా గాలిబియే, లోయ పైకొసన 2,700 మీటర్లు దాటిన ఇజెరాన్ ఉన్నాయి. మోంవెర్నియే మలుపులు మూడున్నర కిలోమీటర్లలోపే జడ అల్లినట్టు రాతిగోడ మీద పైకి పాకుతాయి. ఒక వారం ఉన్నా ఎక్కిన కనుమ మళ్లీ ఎక్కవలసిన పని ఉండదు.

లోయ అడుగున మోటారు రహదారి, రైలు దారి, అల్యూమినియం కర్మాగారం, లియోన్-టురిన్ సొరంగం పనులు. పోస్టుకార్డు మీద వేసే దృశ్యం కాదు. అందుకే సెలవు ఇళ్లు కొనేవారు ఇక్కడికి పెద్దగా రారు, ఇంటి ధరలు మీ చేతికి అందే అవకాశం ఇక్కడే ఎక్కువ. యాత్రికుడు పగలంతా కొండ మీదే ఉంటాడు, సాయంత్రం అతనికి కావలసింది నిశ్శబ్దమైన గది, కాబట్టి రహదారికి వంద రెండు వందల మీటర్ల ఎత్తులో ఉన్న పల్లెల్లో వెతకండి. పట్టణంలో రైల్వే స్టేషన్ ఉంది, కారు లేకుండా వచ్చే అతిథికి అది పెద్ద ఊరట. రైలును కూడా పూర్తిగా నమ్ముకోవద్దు: 2023 ఆగస్టులో పై లోయలో కొండచరియ విరిగిపడి పారిస్-మిలాన్ రైళ్లు 2025 మార్చి చివరి దాకా ఆగిపోయాయి.

ఇక్కడ ఒక లోటు ఉంది. ఆల్ప్ ద్యుయెజ్ లాంటి ఒక్క పేరు లేదు. అతిథులు వాళ్లంతట వాళ్లు వచ్చి పడరు, మీరే వెతికి తెచ్చుకోవాలి, సైక్లింగ్ క్లబ్బులకు రాయాలి, వచ్చినవారు మళ్లీ వచ్చేలా చూసుకోవాలి. రెండు మూడేళ్లు పడుతుంది. చేతిలో రెండేళ్లకు సరిపడా డబ్బు ఉన్నవారికి నేను ఈ లోయనే సూచిస్తాను.

వాంతూ: పొడవైన సీజన్

దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌లో మైదానం మధ్య ఒంటరిగా నిలబడ్డ కొండ, 1,900 మీటర్లు దాటిన తెల్లని రాతి శిఖరం. బెద్వాన్, మలోసెన్, సో అనే మూడు ఊళ్ల నుంచి మూడు దారులు. బెద్వాన్ నుంచి దాదాపు 21 కిలోమీటర్లు, 1,600 మీటర్ల ఎక్కుడు. ఒకే రోజున మూడు వైపుల నుంచీ ఎక్కినవారికి ప్రత్యేకంగా ఒక సభ్యత్వమే ఉంది. 1967 జూలై 13న బ్రిటిష్ సైక్లిస్టు టామ్ సింప్సన్ శిఖరానికి కొద్ది దూరంలో పడి చనిపోయాడు. అతని స్మారకం దగ్గర ఇప్పటికీ యాత్రికులు ఆగి నీళ్ల సీసానో టోపీనో ఉంచి వెళతారు.

శిఖరం దగ్గర రోడ్డు చలికాలమంతా మూసి ఉన్నా, కింద ద్రాక్షతోటల మధ్య దారులు మార్చి నుంచి నవంబర్ దాకా తొక్కదగినవే. పైన చెప్పిన 200 రోజుల లెక్క సాధ్యమయ్యే చోటు నాలుగింటిలో ఇదొక్కటే. సైకిల్ తొక్కని భార్యకో భర్తకో కూడా ఇక్కడ రోజు గడుస్తుంది: సంతలు, సో దగ్గర లావెండర్ పొలాలు, అవిన్యోన్ నగరం. అందువల్లే ఇళ్ల ధరలు ఎక్కువ, ఈత కొలను లేని బసను చాలామంది చూడను కూడా చూడరు. జూలై, ఆగస్టు ఎండలు తీవ్రం, అడవి మంటల ముప్పు ఉన్న రోజుల్లో కొండ మీద ఆంక్షలు పెడతారు, మిస్త్రాల్ అనే బలమైన ఉత్తరపు గాలి వీచే రోజున శిఖరానికి వెళ్లవద్దని అతిథిని ఆపవలసిన బాధ్యత కూడా మీదే. ఇంకో సంగతి: కొండ ఒక్కటే. మూడు వైపులా ఎక్కేశాక వచ్చే ఏడాది మళ్లీ ఎందుకు రావాలి అన్న ప్రశ్నకు మీ ఇల్లే జవాబు కావాలి.

తూర్మలే వైపు

స్పెయిన్ సరిహద్దున ఉన్న పిరెనీస్ కొండల్లో ల్యూజ్ సేన్ సోవర్ ఊరి నుంచి తూర్మలే 19 కిలోమీటర్లు, 1,400 మీటర్ల ఎక్కుడు, శిఖరం 2,115 మీటర్లు. టూర్ ద ఫ్రాన్స్ 1910లోనే ఇక్కడికి వచ్చింది. 1913లో ఈ కనుమ దిగువన సైకిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగిన పోటీదారు యూజీన్ క్రిస్తోఫ్, సైకిల్ మోసుకుంటూ సేంత్ మారీ ద కాంపాన్ ఊరి కమ్మరి కొలిమికి చేరి తన చేతులతోనే అతుకు వేసుకున్నాడు. ఓతకామ్, ల్యూజ్ ఆర్దిదెన్, సులోర్, ఒబిస్క్, గవార్నీ అన్నీ ఒక రోజు దూరంలోనివే. కొండలు పచ్చన, రోడ్ల మీద కార్లు తక్కువ, తెరిచిన కిటికీలోంచి ఆవుల గంటలు వినిపిస్తాయి. ఆ పచ్చదనానికి ధర వాన, పొగమంచు. తూర్మలే పైన ఏమీ కనిపించని రోజులు సీజన్ మధ్యలో కూడా వస్తాయి.

దగ్గరి పట్టణం లూర్ద్. విజయవాడ గుణదల మేరీమాత కొండ తెలిసినవారికి ఈ పేరు పరిచయమే, గుణదలలో వెలసింది ఈ లూర్దు మాతే. ఆ తీర్థం కారణంగా ఇంత చిన్న పట్టణానికి పారిస్ నుంచి వేగపు రైళ్లు, పక్కనే విమానాశ్రయం ఉన్నాయి. లూర్ద్ నుంచి ఆర్జెలెస్ గజోస్త్ మీదుగా పాత రైలు కట్ట మీద వేసిన చదునైన సైకిల్ దారి ఉంది. పిల్లలున్న కుటుంబాలకు అది బంగారం. సంఖ్యలో తక్కువైనా యూరప్‌లో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలు లూర్ద్ యాత్రకు వస్తుంటాయి, సైకిల్ సీజన్ కాని రోజుల్లో మీ బల్ల మీద పప్పన్నం ఉందని తెలిస్తే వచ్చేవారు ఉంటారు. ల్యూజ్ మధ్యలోంచి పారే ఏరు 2013 జూన్‌లో పొంగి లోయను ముంచింది. అమ్మకానికి ఉన్న ఇల్లు ఏటికి ఎంత దూరమో ముందు చూడండి.

ఇల్లు చూసేటప్పుడు

కొండ కనిపించే కిటికీ దగ్గర కాకుండా నేల మట్టం నుంచి చూడటం మొదలుపెట్టండి. కారు ధర పలికే సైకిళ్లను మెట్లెక్కించకుండా లోపలికి తేగల రాతి గది ఉందా? విద్యుత్ సైకిళ్ల బ్యాటరీలను నడవల్లో, మెట్ల కింద కాకుండా వేరే గదిలో చార్జి చేసుకునే వీలుందా? బయట నీళ్ల గొట్టం, సైకిల్ కడిగే చోటు ఉన్నాయా? ఆ తరువాత మురుగు. పల్లె ఇళ్లు చాలావాటికి ఊరి మురుగు కాలువ ఉండదు, సొంత సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. నలుగురి కుటుంబానికి కట్టిన ట్యాంకు మీద పన్నెండు మంది రోజుకు రెండుసార్లు స్నానం చేస్తే ఏమవుతుందో ఒక ఆగస్టు ఆదివారం నేను కళ్లారా చూశాను. మరమ్మతువారు మంగళవారం గాని రాలేదు. ట్యాంకు నిబంధనలకు తగ్గట్టు లేకపోతే కొన్న ఏడాదిలోపు సరిచేయడం కొనుగోలుదారు బాధ్యత, ఆ ఖర్చు బేరంలోనే తేల్చుకోవాలి. అమ్మేవారు ఇచ్చే పత్రాల్లో ప్రకృతి ముప్పుల పత్రం ఉంటుంది: వరద, కొండచరియ, మంచుచరియ. అన్నిటికన్నా ముందు దాన్ని చదవండి. పాత ఇల్లయితే, అమ్మకపు పత్రాలు రాసి నమోదు చేసే నోటేర్ అనే అధికారి రుసుము, పన్నులు కలిపి ధర మీద సుమారు 7 నుంచి 8 శాతం అదనంగా పోతుంది.

చెయ్యకూడనివి రెండు ఉన్నాయి, మంచి మనసుతోనే చాలామంది చేసేస్తారు. డబ్బు తీసుకొని అతిథులను సైకిల్ మీద వెంటబెట్టుకొని దారి చూపించాలంటే ఫ్రాన్స్‌లో గుర్తింపు పొందిన క్రీడా శిక్షకుడి అర్హత, వృత్తి కార్డు తప్పనిసరి. డబ్బు తీసుకొని విమానాశ్రయం నుంచి మనుషులను తీసుకురావాలంటే దానికీ వేరే అనుమతి కావాలి. దారి పటం గీసి ఇవ్వడానికి, కనుమ మీద చైను తెగిన అతిథిని ఊరికే వెళ్లి తీసుకురావడానికి ఏ కార్డూ అక్కర్లేదు.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా మాట సూటిగా చెప్పాలి. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగ కార్డు ఉన్నంత మాత్రాన ఫ్రాన్స్‌లో వ్యాపారం చేసే హక్కు రాదు. ఇల్లు కొనుక్కోవడానికి అడ్డు లేదు, అందులో ఉండి పని చేయడానికి మాత్రం నివాస అనుమతి కావాలి. వ్యాపారం స్థాపించేవారికి ఇచ్చే ప్రత్యేక కార్డుకు కనీసం 30,000 యూరోల పెట్టుబడి, మాస్టర్స్ స్థాయి పట్టా లేదా అయిదేళ్ల తత్సమాన అనుభవం అడుగుతారు, ప్రణాళిక నిజమైనదని నిరూపించాలి. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్న తెలుగువారికి కూడా 2021 నుంచి ఇదే పరిస్థితి. ఇంటికి బయానా ఇవ్వకముందే ఈ కాగితం సంగతి తేల్చుకోండి.

ఎవరికి ఏది

ఇద్దరిలో ఒకరు ఇంటి నుంచి కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ ఉంటే జీత్ చాలు, వాజాన్‌లో స్కీ కేంద్రాలకు దగ్గరగా తీసుకోండి, రెండు సీజన్లూ నిండుతాయి. పొదుపు బాగా ఉండి, ఎండకు తట్టుకోగలిగి, సంవత్సరంలో ఎక్కువ రోజులు ఇల్లు కళకళలాడాలనుకుంటే వాంతూ వైపు నాలుగు గదులు. పిల్లలతో వెళ్లేవారు ఆర్జెలెస్ చుట్టూ చూడండి, బడి, ఆసుపత్రి, రైలు దగ్గరలో ఉంటాయి. ఇంటికి పెట్టగల డబ్బు తక్కువ, వంట మీద ప్రేమ ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ ఉన్నవారికి మోరియెన్‌లో మూడు గదులు, ఒక జీత్. నేనైతే ఇదే ఎంచుకుంటాను.

ఏది ఎంచుకున్నా, ఆ లోయలో నవంబర్‌లో ఒక వారం ఉండి రండి. కనుమలు మూసుకొని, సూర్యుడు మధ్యాహ్నం మూడింటికే శిఖరం వెనక్కి వెళ్లిపోయే రోజుల్లో ఊళ్లో ఎవరు మిగిలి ఉన్నారో, రొట్టెల దుకాణం తెరిచి ఉందో లేదో చూడండి. ఫ్రాన్స్‌లో ఇంటి ఒప్పందం మీద సంతకం చేశాక కొనుగోలుదారుకు మనసు మార్చుకోవడానికి 10 రోజుల గడువు ఉంటుంది. నా సలహా, ఆ సంతకానికి ముందే, మీరు ఇప్పుడున్న ఊళ్లోనే, ఎనిమిది మంది స్నేహితులను పిలిచి వరుసగా నాలుగు రాత్రులు మూడు రకాల వంటతో భోజనం పెట్టండి. ప్రతి ఉదయం ఆరింటికి లేచి ఫలహారం సిద్ధం చేయండి, ఎనిమిది జతల దుప్పట్లు ఉతికి ఆరేయండి. అయిదో రోజు పొద్దున ఇద్దరూ కాఫీ గ్లాసులతో కూర్చొని, ఆ సాయంత్రం ఏం వండుదామా అన్న మాట ఎవరి నోటి నుంచి ఎలా వస్తుందో వినండి.